టేపు వేసిన మోటారు స్విచ్చు

నాలుగేళ్ల కిందట మే నెలలో నన్ను మా వేసవి క్యాంపుకి శుక్రవారం ఇన్‌ఛార్జిగా వేశారు. అంతకుముందు రెండు వేసవులు అదే క్యాంపులో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే అసిస్టెంటుగా ఉన్నాను. ఆ ఏడు, తర్వాత మరో రెండేళ్లు ఇన్‌ఛార్జిగా చేసి, పోయినేడు ఆ చార్జి ఇంకొకరికి అప్పగించి తప్పుకున్నాను. ఇప్పుడు జగ్గయ్యపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను. ముప్పయ్యేళ్లు నిండకుండానే రిటైరయిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని మా లైబ్రేరియన్ గారు నవ్వుతుంటారు. ఆ పని ఎలా ఉంటుందో రాయమన్నది కూడా ఆయనే. డైరీల్లో రాసుకోవడం తప్ప నలుగురికీ చెప్పే అలవాటు నాకు లేదు. అందుకని ఒక్క శనివారం సంగతి మాత్రం రాస్తాను.

మా సంఘం చిన్నది. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పల్లెల్లో కొద్ది కుటుంబాలు. పొలం పనులకి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఒకరిద్దరు టీచర్లు, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసేవాళ్లు ఇంకొందరు. మేం యూదుల ఆచారం పాటిస్తాం. ఊళ్లో మమ్మల్ని ‘శనివారం వాళ్లు’ అంటారు. చుట్టూ క్రైస్తవులే ఎక్కువ కాబట్టి, ఆదివారం బదులు శనివారం పెట్టుకున్న ఇంకో చర్చి అనుకుంటారు. వివరించబోయి, మధ్యలోనే సరేలే అని ఊరుకున్న సందర్భాలు నా డైరీల్లో చాలా ఉన్నాయి.

క్యాంపు మూడు వారాలు. సెలవుల్లో ఖాళీగా ఉండే ఏదైనా ప్రైవేటు స్కూలు అద్దెకి తీసుకుని, పిల్లల్ని అక్కడే ఉంచి నడుపుతాం. మా ధర్మగ్రంథం తోరాని వారానికొక భాగం చొప్పున ఏడాది పొడవునా చదవడం మా పద్ధతి. ఆ వారపు భాగాన్ని పరాషా అంటారు. ఆదివారం నుంచి గురువారం వరకు పిల్లలు దాన్ని కొంచెం కొంచెంగా నేర్చుకుంటారు. శనివారం పొద్దున ప్రార్థన అయ్యాక ఎవరో ఒక పెద్దవాళ్లు అందరి ముందూ నిలబడి దాని సారం చెప్తారు. దాన్ని శనివారం పాఠం అంటాం. రెండేళ్లుగా నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. పదిమంది చిన్నపిల్లల ముందు నా గొంతు బాగానే పలుకుతుంది. పెద్దవాళ్లు ఒక్కరు వచ్చి కూర్చున్నా అది సగమైపోతుంది.

శుక్రవారం ఇన్‌ఛార్జి పని వేరు. శుక్రవారం పొద్దు గుంకే ముందు షబ్బాత్, అంటే విశ్రాంతి దినం, మొదలవుతుంది. శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనబడేదాకా నిప్పు ముట్టించకూడదు, వంట చేయకూడదు, స్విచ్చు వేయకూడదు, వేసింది తీయకూడదు. కాగితం మీద కలం పెట్టకూడదు. నాకు అన్నిటికన్నా కష్టమైనది ఈ ఆఖరిదే. కాబట్టి ఆ రోజుకి కావలసినవన్నీ శుక్రవారం సాయంత్రంలోపే సిద్ధం కావాలి. దానికొక చెక్‌లిస్టు ఉంటుంది. ఇరవై రెండు లైన్లు, అట్ట మీద అంటించి ప్లాస్టిక్ కవరులో పెట్టినది. ఒక్కో పని అవగానే ఇన్‌ఛార్జి పక్కన టిక్కు పెట్టాలి. అన్నీ అయ్యాక డైరెక్టరు సంతకం చేయాలి. సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ వారం అది ఆరూ ఇరవైకి. కొవ్వొత్తులు వెలిగాక చెక్‌లిస్టులో ఏం మిగిలిపోయినా మిగిలిపోయినట్టే.

మొదటి లైను రొట్టెలు. షబ్బాత్ భోజనానికి జడలాగా అల్లిన రొట్టెలు కావాలి. నందిగామ బస్టాండు ఎదురు సందులో ఒక బేకరీ ఆయన మాకు వాటిని కాల్చి ఇచ్చేవాడు. మొదటి వారం పిండిని మూడు పాయలుగా చేసి ఎలా అల్లాలో నేను చూపించబోతే, తనకి ముగ్గురు కూతుళ్లున్నారని, జడలు తనకి నేర్పక్కర్లేదని అన్నాడు. తర్వాతి లైను పొట్టుపొయ్యి. మా వంట రూతమ్మ పిన్ని పెద్ద డ్రమ్ములో రంపపు పొట్టు గట్టిగా కూరి, పొద్దు గుంకేలోపే ముట్టించి, దాని మీద పప్పూ కూరగాయలూ వేసిన పెద్ద గిన్నె పెట్టేది. ఆ వేడి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆరదు. పదిహేడో లైను స్విచ్చులు. వెలుగుతూ ఉండాల్సిన లైట్లు, తిరుగుతూ ఉండాల్సిన ఫ్యాన్లు వేసి, పొరపాటున ఎవరూ ముట్టుకోకుండా ఆ స్విచ్చుల మీద టేపు అంటించాలి. ఆర్పి ఉంచాల్సిన వాటికీ అంతే.

ఆ ఏడు మా డైరెక్టరు దావీదు మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. క్యాంపుకి చోటు కోసం ఆయన మూడు స్కూళ్లు తిరిగారు. మీ మతమేంటో మాకు తెలీదండీ అని మూడు చోట్లా కాదన్నారు. నాలుగోది చందర్లపాడు రోడ్డులో ఉన్న స్కూలు. దాని కరస్పాండెంటు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. మతం గురించి ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. బోరు గురించి మాత్రం అరగంట చెప్పారు. మాది మెట్ట ప్రాంతం. బోర్లలో నీళ్లు లోతున ఉంటాయి, ఎండాకాలం అవీ తక్కువే. అరగంట మోటారు వేస్తే గంట ఆపాలి. అప్పుడే మళ్లీ ఊట చేరుతుంది. నీళ్లు లేకుండా తిరిగితే లోపలున్న మోటారు కాలిపోతుంది. అంతకుముందు ఏడాది అద్దెకి తీసుకున్నవాళ్లు అలాగే కాల్చారట. “ఇంకోసారి మోటారు కాలిందంటే ఆ రోజే గదులు ఖాళీ చేసెయ్యండి మాస్టారూ, నేనేం మొహమాటపడను,” అన్నారు. మాస్టారు సరేనని సంతకం పెట్టారు. ముప్పై నలుగురు పిల్లల్ని తీసుకుని వెళ్లడానికి ఇంకో చోటు మాకు లేదు.

రెండో వారం శుక్రవారం మధ్యాహ్నం త్రీ ఫేజు కరెంటులో ఒక ఫేజు పోయింది. లైట్లు, ఫ్యాన్లు ఉన్నాయి గానీ మోటారు తిరగదు. ట్యాంకు సగమే నిండి ఉంది. కరెంటు రాగానే దానంతటదే మోటారు తిరగడానికి స్టార్టర్ డబ్బాకి ‘ఆటో’ అని ఒక స్విచ్చు ఉంటుంది. పొలాల్లో రైతులు పెట్టుకునేదే. చీకటి పడేలోపు కరెంటు వస్తుంది, ట్యాంకు నిండాక ఆపేయొచ్చు అనుకుని దాన్ని వేశాను. ఆ తర్వాత రొట్టెలు తెచ్చే ఆటో రిక్షా ఆలస్యమైంది. పొట్టు తడిగా ఉందని రూతమ్మ పిన్ని గొడవ పెట్టుకుంది. ఆరు అవుతుండగా టేపు చుట్ట పట్టుకుని పదిహేడో లైను పని మీద గది తర్వాత గదికి పరిగెత్తాను. మోటారు గదిలోకి వెళ్లి, ఆ ఆటో స్విచ్చు ఎలా ఉందో అలాగే ఉంచి, దాని మీద కూడా టేపు వేశాను. చెక్‌లిస్టులో ‘మోటారు స్విచ్చు – టేపు’ అనే ఉంది. ఆటో లేని పాత స్కూల్లో ఎప్పుడో రాసిన లైను అది. టిక్కు పెట్టాను.

ఇంకో పని కూడా చేశాను. ఆ స్కూలు వాచ్‌మన్ సైదులు అని, గరికపాడు అవతల నుంచి వచ్చిన మనిషి. యాభై దాటాయి. ఇరవయ్యేళ్లు లారీ తోలి, నడుం నొప్పి వల్ల ఈ పనికి వచ్చాడు. మా ఆచారం ఆయనకి నోటితో వివరించి ఉండాల్సింది. ఆ మాటల కోసం మనసులో వెతుక్కుని, దొరక్క, ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మోటారు గది తలుపుకి అంటించాను. శనివారం చీకటి పడేదాకా టేపు వేసిన స్విచ్చులు ఎవ్వరూ ముట్టుకోకూడదని. ఆయన దగ్గరకొచ్చి కూడబలుక్కుని చదివాడు.

“నేనుండంగ ఎవ్వడు ముట్టుకుంటడమ్మా,” అన్నాడు.

“సరేనండి,” అన్నాను. మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు అంతే.

మర్నాడు తొమ్మిదింటికి, మేం ప్రార్థనలో ఉండగా, లైన్‌మన్ ఎక్కడో ఆ ఫేజు సరిచేశాడు. స్టార్టర్ డబ్బా టక్కుమన్న శబ్దం నాకు హాల్లోకి వినబడింది. ప్రార్థన అయ్యేసరికి ట్యాంకు నిండి, మేడ మీది నుంచి వెనక పెరట్లోకి నీళ్లు ధారగా పడుతున్నాయి. పిల్లలకి పండగైపోయింది. మే నెల ఎండలో నెత్తిన నీళ్లు పడుతుంటే కేకలు వేస్తూ గంతులేశారు. వాళ్లు తప్ప నవ్వినవాళ్లు ఎవరూ లేరు. మాస్టారు నా వైపు చూశారు. మోటారు ఆటోలో పెట్టి టేపు వేసినట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. అరగంట తిరగొచ్చు, ఇప్పటికి గంటకి దగ్గరవుతోంది అని మాత్రం అన్నారు.

చదివేవారికి ఇక్కడ ఒక నియమం చెప్పాలి. మేం చేయకూడని పనిని మా కోసం ఇంకొకరిని చేయమని అడగడం కూడా కూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ నియమాలన్నీ పక్కకి పోతాయి. మోటారు అందులోకి రాదు. అయితే ఉన్న సంగతి చెప్పొచ్చు. అందులో ఆజ్ఞ ఉండకూడదు, అభ్యర్థనా ఉండకూడదు. విన్నవాడు తనంతట తాను ఏదైనా చేస్తే అది అతని ఇష్టం.

మాస్టారు సైదులు మంచం దగ్గరికి నడిచారు. మోటారు గది పక్కనే వేపచెట్టు నీడలో ఆయన మంచం.

“సైదులూ, నీళ్లు పోతన్నాయయ్యా,” అన్నారు.

“అవునండీ, మంచిగ పోతున్నయ్.”

“చానాసేపట్నించి పోతన్నాయి.”

“గంటాయె సారూ. నేను చూస్తనే ఉన్న.”

మాస్టారు వెనక్కి వచ్చారు. తర్వాత రూతమ్మ పిన్ని వెళ్లింది. ఆమె నోటికి సైదులు కూడా భయపడతాడని మా ఆశ.

“ఇట్టా పోతా ఉంటే బోరు ఏమైపోద్దో ఏమో,” అంది, ఆకాశం వంక చూస్తూ.

“ఏమైతదమ్మా. దేవుడి పని మీద పొయ్యే నీళ్లు,” అన్నాడు సైదులు. “మీకు ఇయ్యాల నీళ్లు వదలాలె గదా. పిల్లలు గూడ తానం చేస్తున్నరు.”

పిన్ని వెనక్కి వచ్చి, “వాడు మోటారుకి కాపలా కాస్తన్నాడు మాస్టారూ. ఇందాక ఆ గదిలోకి తొంగిచూసిన పిల్లల్ని కర్ర పట్టుకుని తరిమాడు. టేపు ముట్టుకుంటే పాపం తగులుద్దంట,” అని చెప్పింది.

అప్పుడు నాకు అర్థమైంది. నీళ్లు పోతున్నాయని ఆయనకి మాకన్నా బాగా తెలుసు. నేను అంటించిన కాగితం మాట నిలబెట్టడానికే ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఎన్నిసార్లు నీళ్ల గురించి చెప్పినా ఉపయోగం లేదు. చెప్పాల్సింది టేపు గురించి.

ఆ మాట మాస్టారితో అన్నాను. అంతలో మేడ మీద పైపు దగ్గడం మొదలైంది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి. బోరు అడుగంటుతోందని దానర్థం.

“మాస్టారూ, ఈవాళ పాఠం నేను చెప్తా,” అన్నాను. “హాల్లో కాదండి. వేపచెట్టు కింద.”

“చెయ్యమని అనకూడదు నయోమీ. అడక్కుండా చెప్పగలవా?”

“అడగడమే నాకు చేతకాదు గదండీ.”

ఆయన నవ్వారు. ఆ పొద్దున ఆయన నవ్వడం అదే మొదలు.

తడి బట్టలతోనే పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టాం. ఆ వెనక టీచర్లు, పిన్ని, మాస్టారు. పక్కన మంచం మీద సైదులు. రెండేళ్లు తప్పించుకున్న పని చేయడానికి నిలబడ్డాను. మొదటి మాట నాకే వినబడలేదు. పిన్ని వెనకనుంచి, “గట్టిగా చెప్పవే, పైపు గోలే ఎక్కువగా ఉంది,” అంది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వులో నా గొంతు కొంచెం తెరుచుకుంది.

ఆ వారపు పరాషా భూమికి విశ్రాంతి ఇవ్వడం గురించి. ఆరేళ్లు పండించుకుని ఏడో ఏడు పొలాన్ని దున్నకుండా, విత్తకుండా వదిలేయమనే నియమం. అది చెప్పడం మొదలుపెట్టానో లేదో సారా చెయ్యెత్తింది. ఆ పిల్లకి పదేళ్లు, నా తరగతిలో అందరికన్నా ప్రశ్నలెక్కువ.

“మరి కౌలు రైతులో అక్కా? మా నాన్న కౌలుకి చేస్తన్నాడు. ఏడో ఏడు పొలం పడుకోబెడితే ఆసామి ఊరుకుంటాడా?”

పెద్దవాళ్లందరూ నవ్వారు. మంచం మీద సైదులు కూడా నవ్వాడు. “మంచిగడిగింది పిల్ల,” అన్నాడు. ఆయన వింటున్నాడని అప్పుడు తెలిసింది.

సారా ప్రశ్నకి పూర్తి జవాబు నాకు తెలియదని ఒప్పుకున్నాను. తెలిసినంత చెప్పాను. ఆ నియమం ఎవరికి ఇచ్చారో వాళ్లకే. పక్క పొలం మనిషి ఆ నియమం కిందికి రాడు. అతను తన పొలాన్ని దున్నుకున్నా తప్పు లేదు, బావిలో నీళ్లు తోడుకున్నా తప్పు లేదు. అతన్ని ఆపమని ఎక్కడా లేదు.

“ఈవాళ మనం స్విచ్చు ముట్టుకోం గదా, అది కూడా అంతేనా?” అని సారాయే అడిగింది. ఆ పిల్లకి నేనేం నేర్పలేదు. దానంతటదే అడిగింది.

“అంతే,” అన్నాను. ఈసారి నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “ఆ టేపు వేసుకుంది మన చేతులకి. మన ఆచారం లేనివాళ్లకి ఆ టేపూ లేదు, పాపమూ లేదు.”

పైపు మళ్లీ దగ్గింది. సైదులు మంచం మీద లేచి కూర్చున్నాడు.

“అమ్మా,” అన్నాడు. “అయితే ఆ టేపు నాక్కాదా?”

“కాదండి. మాకే.”

“మరి కాగితం మీద ఎవ్వరూ అని రాసినవ్ గద?”

“రాసానండి. తప్పు రాసా. మీకు చెప్పాల్సింది, చెప్పలా.”

ఆయన చెప్పుల కోసం కూడా వెతుక్కోలేదు. “పొద్దట్నుంచి నా పానం కొట్టుకుంటనే ఉంది,” అనుకుంటూ మోటారు గదిలోకి వెళ్లాడు. “బోరు సస్తాందని నాకు తెల్వదా? మీ పూజేమో, చెడగొడితే ఏమైతదో అని ఊకున్న.” లోపల టేపు ఊడదీసిన చప్పుడు, తర్వాత టక్కుమని స్టార్టర్ ఆపిన చప్పుడు. మేడ మీద ధార సన్నబడి ఆగిపోయింది. పిల్లలు మాత్రం అయ్యో అన్నారు.

నేను పాఠం ఎక్కడ ఆపానో మర్చిపోయాను. సారా గుర్తుచేస్తే మిగిలింది పూర్తిచేశాను. గది గుమ్మంలో నిలబడి సైదులు కూడా చివరిదాకా విన్నాడు. అయ్యాక ఆయన తన అభిప్రాయం చెప్పాడు. భూమి సంగతేమో గాని బోరుకి విశ్రాంతి ఇవ్వాలన్నది మాత్రం మెట్టోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదని. మధ్యాహ్నం పొట్టుపొయ్యి మీది గిన్నె దించినప్పుడు పిన్ని మొదటి పళ్లెం ఆయనకే పంపింది.

మోటారు బతికిందో లేదో మాకు సాయంత్రం దాకా తెలియదు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడి, షబ్బాత్ ముగింపు ప్రార్థన అయ్యాక, మాస్టారే స్వయంగా స్విచ్చు వేశారు. మొదట గాలి, తర్వాత మట్టి నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు వచ్చాయి. పదిహేను నిమిషాలకి ఆపేశారు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని డైరీ తెరిచాను. జరిగినదంతా పొద్దట్నుంచి రాయకుండా బుర్రలో మోసుకుని తిరగడం మోటారు కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిందని మాస్టారితో అన్నాను.

ఆదివారం కరస్పాండెంటు గారు వచ్చారు. మేం చెప్పేలోపే సైదులు గేటు దగ్గరే మొత్తం చెప్పేశాడు. ఆయన కథలో మోటారుని కాపాడింది తనే. అది నిజం కూడా. కరస్పాండెంటు గారు మోటారు గది చూసి, నా కాగితం చదివి, “చేతిరాత బాగుందమ్మా,” అని వెళ్లిపోయారు. మూడో వారం మేం అక్కడే ఉన్నాం. ఆ తర్వాతి వేసవులన్నీ అక్కడే.

ఆ వారమే చెక్‌లిస్టు మార్చాం. పదిహేడో లైనులో మోటారు తీసేసి, దానికి విడిగా ఒక లైను పెట్టాం. శుక్రవారం నాలుగింటికల్లా ట్యాంకు నింపాలి. కరెంటు లేకపోతే డ్రమ్ములు తెప్పించుకోవాలి. ఆటో తీసి, స్విచ్చు ఆఫ్‌లో పెట్టి, గది తాళం వాచ్‌మన్ చేతికివ్వాలి. ఆ రోజుకి మోటారు వ్యవహారం స్కూలుదే అని కరస్పాండెంటుకి ముందుగా ఉత్తరం ఇవ్వాలి. ఇవి కాక ఇరవై నాలుగో లైను నేనే రాశాను. ‘స్కూలు వాళ్లతో మాట్లాడాలి. నోటితో.’ ఈ ఆఖరి మాట కింద గీత కూడా గీశాను.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. కాగితం అంటించినంత మాత్రాన చెప్పినట్టు కాదు. శుక్రవారం చెప్పని మాటని శనివారం చెప్పడానికి ఎంత తిరగాల్సి వస్తుందో ఒకసారి చూశాక, ముందుగా చెప్పడమే తేలికని తెలిసింది. బిడియపడేవాళ్లకి కూడా అదే తేలిక. పోయినేడు చార్జి తీసుకున్న అమ్మాయి చెక్‌లిస్టు అంతా ఇంట్లోనే చదువుకుని వచ్చానంది. తనూ నాలాగే మెల్లిగా మాట్లాడే పిల్ల. తనని మోటారు గది దాకా తీసుకెళ్లి సైదులు ముందు నిలబెట్టాను. ఇరవై నాలుగు లైన్లూ ఆయనకి తన నోటితో చెప్పించాను. ఆయన మధ్యలో రెండు చోట్ల ఆపి ప్రశ్నలు అడిగాడు. రెండింటికీ ఆ అమ్మాయి జవాబు చెప్పాకే అప్పగింత కాగితం మీద సంతకం పెట్టాను.